మా తోట బతికింది, పెద్దమ్మా

ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది, కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఇవాళే రాసేయాలి. ఉప్పల్ వైపు మేమంతా కలిసి వేసుకున్న ఉమ్మడి కూరగాయల తోట మొన్న రాత్రి వానకి మునిగింది. ఈ రోజు మళ్లీ మడులు కనపడుతున్నాయి. ఆదుకున్న ప్రతి ఒక్కరికీ పేరుపేరునా దండాలు.

మా ఆయన, అత్తమ్మ, తమ్ముడు తెల్లార్లూ తడుస్తూనే పనిచేశారు. వాళ్లకి ఇంట్లో చెప్పుకుంటాను.

నేను ఈ వానాకాలం మొదట్లోనే తోటలో చేరాను. అంతకుముందు పార పట్టి ఎరగను. మా వెనక వీధిలో బిల్డింగు పనికొచ్చినవాళ్ల గుడిసెల్లో పిల్లలు రోజూ వట్టి కారం అన్నమే తినడం చూసి మనసాగక చేరాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలని రాసింది. 2025 ఏప్రిల్ నుంచి మన తెలంగాణలో రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, చాలా మంచి పని. మరి ఆ అన్నంలోకి కూర? అందుకే మా తోటలో కోసిన దాంట్లో సగం ఆ గుడిసెలకే పోతుంది. అదంతా నీళ్లపాలవుతుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

పాలకూర మడులు పూర్తిగా మునిగాయి. వంగ మొక్కలు నేలకొరిగాయి. మేం బకెట్లతో తోడి పోస్తూనే ఉన్నాం, నీళ్లు వస్తూనే ఉన్నాయి. అప్పుడొచ్చింది, యూరియా సంచిని కొప్పెరలా తల మీద వేసుకున్న ఒక పెద్దమ్మ. మాలో ఎవరికీ ఆమె తెలియదు. "బకీట్లతోని ఎంతసేపు తోడ్తర్రు బిడ్డా? నీళ్లు పొయ్యే తొవ్వ సూడుర్రి" అంది. వాన కాస్త తెరిపివ్వగానే గుప్పెడు ఎండుగడ్డి నీళ్ల మీద చల్లి, టార్చి పట్టమంది. గడ్డి మెల్లగా ఒక మూలకి జరిగింది. వాలు అటే ఉందని, నా చేతిలో పార తీసుకుని గట్టు కొట్టి కాలువ తీసింది. ఎవరైనా మడిలో కాలు పెట్టబోతే కేకేసింది: తడి మన్ను తొక్కితే గట్టిపడి, వేరుకు ఊపిరాడదట.

తెల్లారాక కోతకొచ్చిన తోటకూర, పుంటికూర కుళ్లకముందే కోసేయమంది. కట్టలు కట్టడానికి దారం లేదు. పుంటికూర కాడ నుంచే నార సర్రున చీల్చి, రెండు చుట్లు తిప్పి ముడేసింది. మేం ఒక కట్ట కట్టేలోపు ఆమె దగ్గర కుప్ప పడింది.

డబ్బులిస్తే తీసుకోలేదు. ఒక్క పుంటికూర కట్ట చాలంది. నారాయణపేట దగ్గర రెండెకరాలుండేదట, బోరు ఎండిపోయి పట్నం వచ్చిందట. ఇంట్లో బియ్యం ఉన్నాయా పెద్దమ్మా అనడిగాను. చెయ్యి చాచి చూపించింది. సిమెంటు తిని వేళ్ల కొసలు నున్నగా అయిపోయాయి. "గీతలు అరిగినయ్ బిడ్డా, మిషన్ల వడ్తలెవ్వు" అంది. రేషన్ కార్డు ఉంది, అందులో పేరు ఉంది, రాష్ట్రంలో ఏ షాపులోనైనా తీసుకోవచ్చు. అయినా వేలిముద్ర పడలేదని ఒట్టి చేతులతో తిప్పి పంపుతున్నారు. అక్కడే కూలబడి ఏడ్చేశాను. నా వీపు నిమిరి, "ఏడ్వకు, మన్ను ఆరినంక మొదలుకు ఎగదొయ్యి" అని చెప్పి పనికి పోయింది. రాత్రంతా నిద్ర లేకుండా, మళ్లీ ఇటుకలు మోయడానికి!

నాకు చాలా కోపంగా ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం తిండిని హక్కు అంది. పనిచేసి పనిచేసి గీతలు అరిగినవాళ్లకే ఆ హక్కు అందకపోతే ఎలా? వేలు పడనప్పుడు కంటిపాపతోనో, ఫోనుకొచ్చే ఓటీపీతోనో ఇవ్వాలి కదా. ఆమెకి ఆ మాట చెప్పినవాళ్లే లేరు. ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఆదివారం పొద్దున తోట దగ్గరికి రండి, ఆమెని వెంటబెట్టుకుని షాపుకి పోదాం.

పెద్దమ్మా, నువ్వు ఇది చదవలేవు. మీ పక్క గుడిసె పిల్లతో చదివించి వినిపిస్తాను. నీకు నా పాదాభివందనం.

అయ్యో, చాలామందిని మర్చిపోయాను. మోరీలో ఇరుక్కున్న ప్లాస్టిక్ సంచులు చేత్తో తీసిన మున్సిపాలిటీ అన్నకు, టార్పాలిన్ ఇచ్చిన కొబ్బరిబొండాల తాతకు థాంక్స్. కట్టలన్నీ గుడిసెల దాకా చేర్చి కిరాయి వద్దన్న ఆటో తమ్ముడికి కూడా. ఇంకా, మూడో అంతస్తు ఆంటీ పంపిన ఉప్మా, టీ! ఆంటీ, మీ ఫ్లాస్క్ మా ఇంట్లోనే ఉంది, రేపు తెచ్చిస్తాను.