వార్షిక నివేదిక: నెర్రెలు విచ్చే నల్లరేగడిలో వాన నీటి ఇంకుదల

గౌరవ సభ్యులకు నమస్కారం.

నల్లరేగడిలో వాన నీరు బాగా ఇంకాలంటే మట్టికి ఏమి కలపాలన్న విషయంపైనే ఈ ఏడాది మన సంఘం ఎక్కువ కాలం వెచ్చించింది.

తొలకరి నీరు నెర్రెల్లోకి దిగిపోతుంటే నేల దాన్ని చక్కగా పీల్చుకుంటోందని అనిపిస్తుంది. నిజానికి అందులో చాలా భాగం పై మట్టిని సరిగా తడపకుండానే లోతుకు జారిపోతుంది. ఆ తరువాత బంకమన్ను ఉబ్బి నెర్రెలు పూడుకోగానే ఇంకే వేగం గంటకు కొద్ది మిల్లీమీటర్లకు, కొన్ని నేలల్లో 1 మిల్లీమీటరు కన్నా తక్కువకు పడిపోతుంది. మొదట్లో ఎండు నేలలోనే, నీరు పోసి ఇంకే వేగాన్ని కొలిచే రింగులు దించి కొలతలు తీశాం. ఆ శ్రమ వృథా అయినందుకు విచారిస్తున్నాం. నెర్రెలు మూసుకున్నాక తీసిన కొలతలనే ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నాం.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది గ్లాసు పరీక్ష. వాన నీరు నింపిన గాజు గ్లాసులోకి శనగగింజంత ఎండు మట్టి పెళ్లను మెల్లగా జారవిడిచి, కదపకుండా గమనించాం. కొన్ని పెళ్లలు సన్నని బుడగలు వదులుతూ ముక్కలై అడుగున కుప్పపడ్డాయి గాని, పైన నీరు తేటగానే నిలిచింది. మరికొన్నింటి చుట్టూ పాలు కలిపినట్టు మసక లేచింది, మరునాటికి కూడా ఆ నీరు తేరుకోలేదు. ఇది సోడియం అధికంగా ఉన్న మట్టి లక్షణం. ఇందులో రేణువులు విడివడి, నీరు దిగే సన్నని రంధ్రాలను పూడ్చేస్తాయి. కాల్షియం సల్ఫేటు ఖనిజమైన జిప్సం పనిచేసేది ఇటువంటి చోటే: దానిలోని కాల్షియం సోడియం స్థానాన్ని ఆక్రమించి రేణువులను గుదిగూర్చుతుంది, విడుదలైన సోడియం నీటితో వేళ్ల కిందికి దిగిపోవాలి. సున్నపురాయి పొడిలోనూ కాల్షియం ఉన్నా, క్షార నేలలో అది దాదాపు కరగదు గనుక ఆ పనికి రాదు.

నీరు తేటగా నిలిచిన మళ్లకు జిప్సం కొనడం అనవసరపు ఖర్చని మా అభిప్రాయం. అక్కడ కావలసినది పశువుల ఎరువు, కంపోస్టు, చినుకుల దెబ్బకు పై మట్టి అట్టకట్టకుండా కాచే చెత్త కప్పు. కొద్దిపాటి ఇసుక బంకమన్నులో కూరుకుపోతుందే తప్ప ఉపయోగపడదు.

జిప్సం లీటరు నీటికి సుమారు 2.5 గ్రాముల మేరకే కరుగుతూ వానలతో కిందికి దిగుతుంది. అందువల్ల దాని ప్రభావం ఇంకా నిలిచి ఉందో లేదో తెలుసుకోవడానికి, దాన్ని వేసిన మళ్లలో వచ్చే తొలకరికి ముందు గ్లాసు పరీక్షను మళ్లీ జరపాలని కార్యవర్గం నిర్ణయించింది. సభ్యులు పై మట్టి నుంచీ, జానెడు లోతు నుంచీ పెళ్లలను వేరువేరుగా తీసి, నీడన ఆరబెట్టి తీసుకురావాలని మనవి.