టెక్సాస్ ఎథిక్స్ కమిషన్‌కు బహిరంగ లేఖ: చందాల లెక్క ఓటుకు ముందే తెలియాలి

గౌరవనీయులైన కమిషన్ సభ్యులకు నమస్కారం.

డల్లాస్ ఉత్తర శివార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. రాష్ట్రంలో ఎన్నికల చందాల రిపోర్టుల నియమాలు చూసేది మీరే కాబట్టి ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతిని ఆస్టిన్‌లోని మీ ఆఫీసుకు పంపుతున్నాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. సిటీ కౌన్సిల్‌కీ స్కూల్ బోర్డుకీ ఓటేసే మావాళ్ళలో చాలామందికి, అభ్యర్థులకు డబ్బు ఎవరిస్తున్నారో చూసుకునే హక్కు ఉందనే తెలియదు. తెలిసినవాళ్ళకేమో ఆ హక్కు సమయానికి పనికిరావడం లేదు. నా బాధంతా ఈ రెండో సంగతి గురించే.

మా ఊళ్ళో సిటీ, స్కూల్ బోర్డు ఎన్నికలు మే నెల మొదటి శనివారం జరుగుతాయి. పోటీ ఉన్న అభ్యర్థి పోలింగ్‌కు ముందు తన చందాల మీద రెండు రిపోర్టులు ఇవ్వాలని మన రాష్ట్ర ఎన్నికల కోడ్ చెబుతోంది. ఒకటి 30 రోజుల ముందు, ఇంకొకటి 8 రోజుల ముందు. మరీ చిన్న మొత్తాలతో ప్రచారం నడుపుకునేవాళ్ళకు మినహాయింపు ఉంది, అది సబబే. 30 రోజుల రిపోర్టులో ఎన్నికకు 40 రోజుల ముందు వరకు వచ్చిన చందాలే ఉంటాయి. అసలు ప్రచారం వేడెక్కేది, ఇంటింటికీ కరపత్రాలు వచ్చేది, రోడ్ల పక్కన బోర్డులు లేచేది ఆ తర్వాతే. ఆ డబ్బు లెక్క 8 రోజుల రిపోర్టులో గానీ కనబడదు.

ఇక వారాలు లెక్కపెట్టి చూడండి. మే ఎన్నికలకు ముందస్తు ఓటింగ్ 12 రోజుల ముందు, అంటే సోమవారం మొదలవుతుంది. 8 రోజుల రిపోర్టు గడువు ఆ వారం శుక్రవారం. సోమ, మంగళ, బుధ, గురువారాల్లో వెళ్ళి ఓటేసి వచ్చినవాళ్ళ చేతిలో దాదాపు నెల రోజుల పాత లెక్క తప్ప ఇంకేమీ ఉండదు. ఆఫీసు లంచ్ టైమ్‌లో లైన్ తక్కువగా ఉంటుందని మావాళ్ళు ఎక్కువగా వెళ్ళేది ఆ రోజుల్లోనే.

శుక్రవారం రిపోర్టు ఇచ్చారనుకుందాం. అది జనానికి ఎప్పుడు కనబడాలి? 2023లో శాసనసభ హెచ్‌బీ (హౌస్ బిల్లు) 2626 అనే చట్టం చేసింది. సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, ఏదైనా సరే తన దగ్గరికి వచ్చిన రిపోర్టులను వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలని అది చెప్పింది. చాలా మంచి చట్టం. అంతకుముందు చిన్న ఊళ్ళలో ఆఫీసుకు వెళ్ళి కాగితాలు అడిగి చూసుకోవాల్సి వచ్చేది. కానీ పెట్టడానికి ఇచ్చిన గడువు 10 పనిదినాలు. శుక్రవారం సాయంత్రం అందిన రిపోర్టుకు 10 పనిదినాలు లెక్కేస్తే రెండు వారాల తర్వాతి శుక్రవారం వస్తుంది. అప్పటికి పోలింగ్ అయిపోయి ఆరు రోజులు. ఓటరు కోసం పుట్టిన రిపోర్టు, చట్టాన్ని అక్షరాలా పాటించినా, ఓటరుకు అందకుండా పోవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

చాలా ఊళ్ళలో ఈ రిపోర్టులు తీసుకునే సిటీ సెక్రటరీలు ఈ గడువు కోసం ఆగరు, అదే రోజో మర్నాడో పెట్టేస్తారు. వాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ పక్క ఊరి ఓటరుకు ఆ భాగ్యం అక్కడి ఉద్యోగి మంచితనాన్ని బట్టి దొరకడం న్యాయం కాదు.

ఆఖరి తొమ్మిది రోజుల సంగతి ఇంకా ఘోరం. శాసనసభకూ రాష్ట్రస్థాయి పదవులకూ పోటీ చేసేవాళ్ళకు ఆ రోజుల్లో పెద్ద చందా వస్తే వెంటనే చెప్పాలనే నిబంధన ఉంది. రోజువారీ రిపోర్టు అంటారు. మరుసటి పనిదినానికల్లా మీ వెబ్‌సైట్‌లోకి రావాలి. సిటీ కౌన్సిల్‌కు, స్కూల్ బోర్డుకు నిలబడేవాళ్ళకు ఈ నిబంధన వర్తించదు. ఏప్రిల్ ఆఖరి వారంలో ఒక బిల్డర్ ఒక అభ్యర్థికి ఎంత పెద్ద చెక్కు రాసినా, రనాఫ్ (ఎవరికీ మెజారిటీ రానప్పుడు జరిగే రెండో విడత ఓటింగ్) లేకపోతే, అది మొదటిసారి బయటపడేది జులై 15 రిపోర్టులో. ఈలోపు ఆ అభ్యర్థి ప్రమాణం చేసి, కుర్చీలో కూర్చుని, ఆ బిల్డర్ జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో తేల్చే) దరఖాస్తు మీద ఓటు కూడా వేసి ఉండవచ్చు.

చిన్న ఎన్నికలే కదా అని కొట్టిపారేయకండి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ బరువులో పెద్ద భాగం ప్రాపర్టీ టాక్స్ మీద పడుతుంది. ఏటా వసంతంలో ఇంటి విలువ చెప్పే అప్రైజల్ నోటీసు రాగానే ప్రతి ఇంట్లో మొదలయ్యే టెన్షన్ మీకూ తెలుసు. ఆ బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. వందల మిలియన్ల డాలర్ల బాండ్లకు, అంటే అప్పులకు, ప్రతిపాదన పెట్టేది స్కూల్ బోర్డు, ఆ డబ్బుతో కట్టే భవనాల కాంట్రాక్టులు ఆమోదించేదీ అదే. మా వీధి చివర ఖాళీ స్థలంలో ఏం రావాలో తేల్చేది సిటీ కౌన్సిల్. ఈ పదవులకు ఓటేసేవాళ్ళు తక్కువ, గెలుపోటముల మధ్య తేడా కొన్ని వందల ఓట్లే అయిన సందర్భాలు ఎన్నో. ఇలాంటి చోట ఆఖరి వారంలో వచ్చే ఒక్క పెద్ద చెక్కు చాలా పని చేస్తుంది.

పైగా మన రాష్ట్రంలో రాష్ట్ర పదవులకు వ్యక్తులిచ్చే చందాలకు, జడ్జి పదవులను మినహాయిస్తే, పరిమితి లేదు. 2023 డిసెంబరులో పెన్సిల్వేనియాకు చెందిన బిలియనీర్ జెఫ్ యాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ ప్రచారానికి 60 లక్షల డాలర్లు ఇచ్చారు. టెక్సాస్ చరిత్రలో ఇదే అతి పెద్ద ఏకమొత్తం చందా అని గవర్నర్ ప్రచార బృందమే ప్రకటించింది. అది పూర్తిగా చట్టబద్ధం. దాన్ని మెచ్చుకునేవాళ్ళున్నారు, తప్పుపట్టేవాళ్ళున్నారు. 2024 మార్చి ప్రైమరీలకు ముందే ఆ సంగతి అందరికీ తెలిసింది కాబట్టే ఆ చర్చ జరిగింది. పరిమితి వద్దని రాష్ట్రం ఎంచుకున్నాక ఓటరుకు మిగిలిన రక్షణ సమాచారం ఒక్కటే. అది కూడా ఆలస్యమైతే ఇంకేం మిగిలినట్టు?

రిపోర్టు కనబడినా చదవడం ఒక ప్రయాస. మా ప్రాంతంలో ఒక అభ్యర్థి రిపోర్టు తెరిచి చూశాను. చేత్తో నింపిన ఫారాలను స్కాన్ చేసి పెట్టారు. కొన్ని పేజీలు పక్కకు తిరిగి ఉన్నాయి. చందాల పట్టికలో తేదీ, పేరు, మొత్తం ఉన్నాయి. ఇచ్చిన మనిషి ఏం పని చేస్తాడో, ఎక్కడ పని చేస్తాడో రాయడానికి ఉన్న గడులు పేజీ తర్వాత పేజీ ఖాళీ. ఒక పేరు వెతుకుదామంటే స్కాన్ బొమ్మలో వెతకడం కుదరదు. అదే దాత పక్క ఊళ్ళో ఎవరికి ఇచ్చాడో తెలియాలంటే ఆ ఊరి వెబ్‌సైట్‌కు వెళ్ళి మళ్ళీ మొదటినుంచీ ఇదే పని. రాష్ట్ర అభ్యర్థులకు మీరు నడిపే వెబ్‌సైట్‌లో పేరు కొడితే చాలు, అన్నీ వస్తాయి. ఆ సౌకర్యం మాకెందుకు లేదు?

ఆలస్యం చేసినవాళ్ళకు శిక్షలోనూ తేడానే. మీ దగ్గర దాఖలు చేసే అభ్యర్థి 8 రోజుల రిపోర్టు ఆలస్యం చేస్తే మొదటి రోజుకు 500 డాలర్లు, ఆ తర్వాత రోజుకు 100 డాలర్ల చొప్పున జరిమానా. ఊళ్ళో దాఖలు చేసే అభ్యర్థికి అలా దానంతట అది పడే జరిమానా లేదు. ఎవరో ఒక పౌరుడు ప్రమాణపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే అది మీ దాకా వస్తుంది. ఒకే ఊళ్ళో, ఒకే గుళ్ళో రోజూ ఎదురుపడే మనుషుల మీద ఆ పని ఎవరు చేస్తారు?

ఇది టెక్సాస్‌కు అసాధ్యమేమీ కాదు. కాలిఫోర్నియాలో ఎన్నికకు ముందు 90 రోజుల్లో 1,000 డాలర్లు, ఆపైన చందా వస్తే 24 గంటల్లో చెప్పాలి. స్థానిక అభ్యర్థులకూ అదే నియమం. అక్కడి స్థానిక సంస్థలు రిపోర్టులను గడువు దాటిన 72 గంటల్లోపు వెబ్‌సైట్‌లో పెట్టాలి. మేం పుట్టి పెరిగిన భారతదేశంలో అభ్యర్థి పూర్తి ఖర్చు లెక్క ఇచ్చేది ఫలితాలొచ్చాక 30 రోజుల్లోపు. అయినా 2024 ఫిబ్రవరి 15న అక్కడి సుప్రీంకోర్టు, పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లను కొట్టేస్తూ, పార్టీలకు డబ్బు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడం ఓటరు హక్కు అని తేల్చింది. ఆ మార్చిలో బయటికొచ్చిన జాబితాల్లో హైదరాబాద్ కంపెనీల పేర్లు వెతుక్కుంటూ మేమంతా రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నాం. అంత ఆసక్తితో చదివిన మనుషులమే ఇక్కడ మా స్కూల్ బోర్డు అభ్యర్థి లెక్క చూడకుండా ఓటేస్తున్నాం.

పేర్లు బయటపడితే ఇచ్చేవాళ్ళు వెనకాడతారని కొందరు అంటారు. మా సమాజంలోనూ ఆ భయం ఉంది. ఎవరికిచ్చావు, ఎవరికివ్వలేదు అని చుట్టాలే నిలదీస్తారు. ఆ ఇబ్బందిని నేను తక్కువ చేయను. కానీ వెబ్‌సైట్‌లో పెట్టే ప్రతిలో ఇంటి నంబరు, వీధి తీసేసి ఊరు, రాష్ట్రం, జిప్ కోడ్ మాత్రమే ఉంచడానికి చట్టంలో ఇప్పటికే వీలుంది. చందాల రిపోర్టులు మావాళ్ళకూ మేలు చేస్తాయి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఏ ఎన్నికకూ, చివరికి స్కూల్ బోర్డుకు కూడా, చందా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం నేరం. బాంక్వెట్ హాల్ విందుల్లో ఈ మాట ఎవరూ చెప్పరు. పేర్లు వెంటనే బయటికొస్తాయని తెలిస్తే విందు ఏర్పాటు చేసేవాళ్ళే ముందు జాగ్రత్తపడతారు.

మీ కమిషన్‌ను 1991లో ఈ రాష్ట్ర ఓటర్లే రాజ్యాంగ సవరణతో తెచ్చుకున్నారు. ఎనిమిది మంది సభ్యులు, రెండు పార్టీల నుంచీ సమానంగా. చట్టం మార్చే అధికారం శాసనసభది, మీది కాదు, తెలుసు. కానీ సరి సంవత్సరం డిసెంబరు 31లోగా గవర్నర్‌కూ శాసనసభకూ మీరిచ్చే నివేదికలో చట్టంలో ఏం మార్చాలో సిఫారసు చేయడం మీ బాధ్యత. వచ్చే నివేదికలో ఈ మాటలు చేర్చమని వేడుకుంటున్నాను: ఎన్నికకు ముందిచ్చే రెండో రిపోర్టు ముందస్తు ఓటింగ్ మొదలయ్యే ముందే రావాలి. వచ్చిన మరుసటి పనిదినానికి వెబ్‌సైట్‌లో ఉండాలి. ఆఖరి రోజుల్లో వచ్చే పెద్ద చందాల రోజువారీ రిపోర్టు సిటీ, స్కూల్ బోర్డు అభ్యర్థులకూ వర్తించాలి. ఒకేసారి కుదరకపోతే ఆ 10 పనిదినాల గడువునైనా ముందు తగ్గించమనండి. దానికి పైసా ఖర్చు లేదు, ఉన్న వెబ్‌సైట్‌లో ఉన్న కాగితాన్ని కాస్త త్వరగా పెట్టడమే.

ఆ నివేదిక తయారయ్యేలోపు మీ సమావేశాల్లో ప్రజలు మాట్లాడే సమయంలో నా పేరు నమోదు చేసుకుంటాను. ఇది చదివి కలిసొచ్చే ఇరుగుపొరుగును కూడా వెంటబెట్టుకొస్తాను.

ఇట్లు,
డల్లాస్ శివార్లలోని ఒక తెలుగు ఓటరు