మే 21 పేజీలో మిగతా పేర్లు కూడా వేయండి

సంపాదకుడు గారికి,

నేను చెన్నై పూందమల్లిలో ఉంటాను, శ్రీపెరంబుదూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని. మా కంపెనీ బస్సు రోజూ రాజీవ్ గాంధీ స్మారకం మీదుగానే వెళ్తుంది. మొన్న సూళ్లూరుపేట నుంచి కొత్తగా చేరిన కుర్రాడు కిటికీలోంచి ఆ స్తంభాలు చూసి "ఇదేం గుడి అన్నా?" అన్నాడు. వాడు పుట్టేసరికే ఆ సంగతి పాతబడిపోయింది, వాణ్ణి అని ఏం లాభం.

1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరు ఎన్నికల సభలో బాంబు పేల్చి రాజీవ్ గాంధీని చంపినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పాత వాషర్‌మెన్‌పేటలో ఉండేవాళ్లం. తెల్లారితే పాలు రాలేదు, బస్సుల్లేవు, నాన్న మూడు రోజులు కొట్టు షట్టర్ ఎత్తలేదు. సాయంత్రం దాకా విశాఖలో ఉండి, విమానం మొరాయిస్తే ఆలస్యంగా మద్రాసుకి వచ్చిన మనిషి రాత్రి పదిన్నర లోపే లేకుండా పోయాడంటే ఇంట్లో ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు (ఆ విమానం బాగుపడకపోయినా బాగుండేది అని నాన్న ఏళ్ల తరబడి అంటూనే ఉండేవాడు). మా అమ్మ మాత్రం ఏడ్చింది, ఆయనకి కవిత చదివి వినిపించిన చిన్నపిల్ల కోసం. ఆ పిల్లా పోయింది, పక్కనున్న తల్లీ పోయింది.

ఆ రాత్రి ఆయనతో పాటు పోయినవాళ్లు కనీసం 14 మంది. డ్యూటీలో ఉన్న పోలీసులున్నారు, ఆయన అంగరక్షకుడున్నాడు, దండ వేద్దామని వచ్చిన కార్యకర్తలున్నారు. ఫొటోగ్రాఫర్ ఒకడి గురించి కాస్త తెలుసు, అదీ కెమెరా చెక్కుచెదరకుండా దొరికింది కాబట్టి.

తర్వాత చాలా మారాయి. మిగిలిన పోలింగ్ జూన్‌కి జరిగింది, ఇక్కడ జయలలిత ముఖ్యమంత్రి అయ్యారు, మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్ వెళ్లిపోదామనుకున్న మన పీవీ ప్రధాని అయ్యారు. ఆ బాంబు వెనకున్న శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ఎల్‌టీటీఈని 1992లో నిషేధించారు. మాజీ ప్రధానులకి, వాళ్ల కుటుంబాలకి కూడా ఎస్పీజీ (ప్రధానిని కాపాడే ప్రత్యేక దళం) భద్రత ఇచ్చేలా, హత్య జరిగిన 1991లోనే చట్టం సవరించారు. తప్పని నేననను, కావాల్సిందే. కానీ కట్టిన కంచెలన్నీ వేదిక చుట్టూనే కట్టాం, కింద నిలబడ్డవాళ్ల గురించి ఆలోచించామా? 2022 డిసెంబర్‌లో కందుకూరు రోడ్‌షోలో 8 మంది పోయారు. 2025 సెప్టెంబర్‌లో కరూర్ సభలో 41 మంది, అందులో పిల్లలు కూడా ఉన్నారు. బాంబుకీ తొక్కిసలాటకీ పోలికేంటి అంటారేమో, నిజమే, పోలిక లేదు, కానీ రెండు చోట్లా నాయకుణ్ణి చూద్దామని వచ్చి తిరిగి ఇంటికి వెళ్లనివాళ్లున్నారు, వాళ్లని మనం అంకెల్లోనే గుర్తుపెట్టుకుంటున్నాం.

మీ పత్రికలో ఏటా మే 21న పెద్ద ఫొటో, నివాళి ప్రకటనలు వస్తాయి. అవి తీసేయమనడం లేదు. వాటి పక్కన నాలుగు అంగుళాల చోటిచ్చి ఆ మిగతావాళ్ల పేర్లు, ఊళ్లు, ఏం పని చేసేవాళ్లో వేయండి. కోర్టు రికార్డుల్లో పేర్లున్నాయి, మీ విలేకరులకి అదేమంత కష్టం కాదు. వేస్తే ఆ రోజు పేపర్ రెండు కాపీలు కొంటాను, ఒకటి ఆ సూళ్లూరుపేట కుర్రాడికి.

ఇట్లు,
ఒక పాఠకుడు, పూందమల్లి, చెన్నై