బుగాబూ మీద మా తాడు విడిపించిన ఇద్దరికి

పేర్లు అడగడం మర్చిపోయాం. ఫోన్ నంబరు తీసుకోవాలని తోచనే లేదు. ఆ అక్క, అన్నయ్యల కంట ఎలాగైనా పడుతుందేమోనని ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మొన్న ఆగస్టులో నేనూ, నా స్నేహితురాలూ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో బుగాబూ స్పైర్ ఎక్కాం. 3,204 మీటర్ల గ్రానైట్ శిఖరం, చుట్టూ హిమానీనదాలు. ఈశాన్యపు గట్టు మీదుగా ఎక్కి, 1916లో కాన్రాడ్ కైన్ బృందం మొదటిసారి ఎక్కిన దక్షిణపు గట్టు మీదుగా దిగుతారు చాలామంది. మేమూ అంతే. ముందున్న జట్ల వెనక ఆగి ఆగి పైకి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఇంకా పొద్దున్నే బయల్దేరాల్సింది, మా తప్పే.

దిగేటప్పుడు తాడు ఇరుక్కుంది. ర్యాపెల్ చేసి, అంటే పైన రెండు పేటలుగా వేసిన తాడు పట్టుకుని జారి, దిగాక ఒక కొస లాగితే మొత్తం జారి రావాలి కదా, మూరెడు వచ్చి ఆగిపోయింది. ఇద్దరం దానికి వేలాడినంత పని చేశాం. కదల్లేదు. ఎక్కడ పట్టుకుందో తెలియని తాడును నమ్ముకుని మళ్లీ పైకెక్కడమంటే భయం. మబ్బు పట్టింది. "నువ్వెళ్తావా, నన్ను వెళ్లమంటావా" అని మేం గొడవపడుతుంటే పైనుంచి ఓ గొంతు:

"లాగకు తల్లీ! ఇంకా బిగుస్తుంది, వదిలెయ్!"

అక్కడ తెలుగు వినపడేసరికి నిజంగా ఏడుపొచ్చింది.

రెండు తాళ్లు కలిపిన ముడి ఓ పగుల్లో కూరుకుపోయిందట. అన్నయ్య విడిపించాడు. అక్కడితో తమ దారిన తాము వెళ్లిపోవచ్చు, వెళ్లలేదు. అక్కడినుంచి నలుగురం కలిసే దిగాం. చేతులు వణికి నేను తాడు సరిగ్గా పెట్టలేకపోతుంటే అక్క ఏమీ అనకుండా నా క్యారబైనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) తెరిచి, తాడు సర్ది, స్క్రూ బిగించి, రెండుసార్లు గుంజి చూసింది. తర్వాత తన గ్లౌజులు తీసి నాకు తొడిగింది.

బుగాబూకీ పక్కనున్న స్నోప్యాచ్ శిఖరానికీ మధ్య కనుమ దగ్గరికొచ్చేసరికి చీకటి. పగలు మెత్తగా ఉన్న మంచు గట్టిపడిపోయింది, పైనుంచి రాళ్లు దొర్లే చోటు. అన్నయ్య ముందు నడుస్తూ బూటు కొనతో మెట్లు తన్నాడు. "లోయకేసి చూడకు, నా అడుగు చూడు" అంటూనే ఉన్నాడు. యాపిల్‌బీ శిబిరంలోని మా గుడారానికి ఏ వేళకు చేరామో గుర్తులేదు. తెల్లారి లేచేసరికి మీరు లేరు.

ఇంకొకాయనకీ నమస్కారం చెప్పాలి. అక్కడి ముళ్లపందులు కారు టైర్లు, బ్రేకు గొట్టాలు కొరికేస్తాయని పార్కింగ్‌లో అందరూ చుట్టూ కోళ్ల జాలీ కడతారు. మాది చాలకపోతే తన దగ్గర మిగిలిన ముక్క ఇచ్చిన పెద్దాయనా, మా టైర్లు నాలుగూ భద్రం!

అక్కా, నీ గ్లౌజులు నా దగ్గరే ఉండిపోయాయి. నల్లవి, ఎడమదానికి బొటనవేలి దగ్గర కుట్టు ఊడి టేపు వేసి ఉంది. ఉతికి పెట్టాను. ఎక్కడికి పంపాలో చెప్పు.