కోరంగి రేవును ముంచింది ఒక్క ఉప్పెనేనా?

సంపాదకులకు నమస్కారం.

నవంబరు వచ్చిందంటే కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి మీద ఒకే పేరా పత్రికల్లోనూ వాట్సాప్‌లోనూ తిరుగుతుంది. 1839 నవంబరు 25న 40 అడుగుల ఉప్పెన వచ్చిందట, 20 వేల ఓడలు ముక్కలయ్యాయట, 3 లక్షల మంది పోయారట, ఆ దెబ్బతో రేవు మాయమైందట. ప్రపంచంలోని ఘోర తుపాన్ల జాబితాల్లోనూ ఇవే అంకెలు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. మడ అడవులు చూడ్డానికి వచ్చే పర్యాటకుల కోసం రేవు కథ కూడా చెప్పాలన్నది నా కోరికే. అయితే ఈ పేరాను అక్కడి సమాచార బోర్డు మీదికి ఎక్కించే ముందు కాస్త ఆగమని మనవి.

1840ల ఆరంభంలో కోరంగి ఉన్న రాజమండ్రి జిల్లా మొత్తం జనాభాయే 6 లక్షలకు లోపు. అందులో 3 లక్షల మంది ఒక్క రోజులో పోతే జిల్లాలో సగం ఊళ్లు పాడుబడాలి, శిస్తు కట్టే దిక్కుండకూడదు. 1864లో బందరును ముంచిన ఉప్పెనకు పోయినవారు 30 వేలని చెబుతారు. చాలాకాలం జనం దాన్ని తలచుకున్నారు. దానికి పది రెట్లు పోతే ఇంకెంత తలచుకోవాలి? ఇక 20 వేల ఓడలంటారా? ఓడకు పది మంది కళాసులను వేసుకున్నా రెండు లక్షల మంది అవుతారు. ఒక గోదావరి పాయ మొగలో (సముద్రంలో కలిసే చోట) అన్ని ఓడలు లంగరు వేసే చోటెక్కడిది?

ఈ అంకె ఎలా పుట్టిందో నాకొక అనుమానం. తుపానుకు ‘సైక్లోన్’ అని పేరు పెట్టిన కలకత్తా అధికారి హెన్రీ పిడ్డింగ్టన్ కోరంగి గురించి రాసింది 1789 డిసెంబరు నాటి ఉప్పెన. పోటు మీద మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని తుడిచిపెట్టాయని, మొగలో లంగరేసి ఉన్న ఓడలను యానాం చుట్టుపక్కల పొలాల్లోకి విసిరేశాయని, 20 వేల మంది జనం పోయారని ఆయన వర్ణన. చూడండి, అక్కడ 20 వేలు మనుషులు. చేతులు మారే క్రమంలో అవే ఓడలై 1839లోకి జారుకున్నాయేమో.

అసలు సంగతి ఓడలది. పొలాల్లో ఓడలు పడ్డాక కోరంగి మూతపడిందా? లేదు. 1787 మేలో ఒక ఉప్పెన, రెండేళ్లకే ఇంకొకటి, అయినా ఊరు మళ్లీ లేచింది. పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో బ్రిటిష్ నౌకాదళపు ఓడలు కూడా ఇక్కడి డాకులో మరమ్మతు చేయించుకున్నాయి. కలకత్తాకీ శ్రీలంకలోని త్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడలను బాగుచేయగల రేవు ఇదొక్కటే అని పాత గెజిటీర్లు రాశాయి. బర్మా టేకుతో ఇక్కడి వడ్రంగులు కట్టిన బ్రిగ్‌లు, స్కూనర్లు, దోనెలు తెరచాపలెత్తి మద్రాసు, కలకత్తా, రంగూన్ తిరిగేవి. ఉప్పు, బియ్యం, బట్ట, లంక పొగాకు వెళ్లేవి. తిరుగు ప్రయాణంలో టేకు వచ్చేది. రంగూన్‌లో తెలుగు కూలీలనూ, మారిషస్‌లో చెరకు తోటలకు వెళ్లినవాళ్లనూ ‘కోరంగీలు’ అన్నారంటే ఈ రేవు పలుకుబడి ఎంతటిదో తెలుస్తుంది. 1839 ఉప్పెన ఓడలను, మనుషులను బలిగొన్న మాట నిజం. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ రేవును నెమ్మదిగా చంపింది గోదావరి తెచ్చిన ఒండ్రు. మొగ పూడుకుపోతూ వచ్చింది, బయట హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ పొడవుగా పెరిగింది, లోతు కావలసిన ఓడలు దూరంగానే ఆగిపోయాయి. వ్యాపారం కాకినాడకు తరలింది. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తికి గిరాకీ పెరిగేసరికి కాకినాడ దశ తిరిగింది. తుపాను కథ చెప్పుకోవడానికి బాగుంటుంది, పూడిక కథ ఎవరికి కావాలి!

తేలిగ్గా చేయగల పని ఒకటుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ రికార్డులు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1839 చివరి నెలల్లో రాజమండ్రి కలెక్టరు పైకి రాసిన ఉత్తరాల కోసం వాటిలో వెతికిస్తే నష్టం ఎంతో అప్పటి వాళ్ల లెక్కే దొరకవచ్చు. ఒక యూనివర్సిటీ చరిత్ర శాఖ ఇద్దరు పరిశోధక విద్యార్థులను పంపితే చాలు. అంతవరకు బోర్డుల మీద తేదీ ఉంచి, 3 లక్షలు, 20 వేలు అనే అంకెలను తీసేయాలి. తీసేయడం ఇష్టం లేకపోతే ‘అని చెబుతారు’ అనైనా చేర్చాలి. తాళ్లరేవులో చెక్క బోట్లు కట్టే వడ్రంగులు ఇంకా ఉన్నారు. బోటు అడుగున వెన్నెముకలాంటి దూలాన్ని ఎలా వేస్తారో, పక్కటెముకల కొయ్యను ఎలా అమరుస్తారో వాళ్ల చేత చెప్పించి వీడియో తీసే పనికి మాత్రం ఆర్కైవ్స్ జవాబు కోసం ఆగనక్కర్లేదు. ఫైబర్ బోట్లు వచ్చాక ఆ పని నేర్చుకునే కుర్రాళ్లు తగ్గిపోతున్నారు.

– ఒక పాఠకుడు, కాకినాడ