'ఒక హిజ్రా ఆత్మకథ' గ్రంథాలయాల్లో పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

హోలీ మరుసటి రోజు మీ పేపర్లో మా ఆదోని మండలం సంతెకుడ్లూరు ఫొటో చూశాను. మగవాళ్లు చీరలు కట్టుకొని, నగలు వేసుకొని, తలలో పూలు పెట్టుకొని రతీమన్మథులకు పూజ చేస్తున్న ఫొటో. మొక్కు గనుక వాళ్లను చూసి ఎవరూ నవ్వరు. చాలా సంతోషమనిపించింది. మా షాపుకు వచ్చే ఒక మనిషి గుర్తొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను ఆదోనిలో ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఆమె హిజ్రా. మొదటిసారి వచ్చింది రాత్రి తొమ్మిదిన్నరకు, నేను షట్టరు సగం దించాక. అప్పటికే రెండు షాపుల్లో కొలతలు తీయం పొమ్మన్నారంట. ఆది జాకెట్టు ఇమ్మంటే తల దించుకుంది. ఒంటికి సరిపోయిన జాకెట్టు ఆమెకు ఎన్నడూ లేదు. భుజాలు వెడల్పు, కొన్నవన్నీ చంకల దగ్గర పట్టేస్తాయి. నాలుగుసార్లు విప్పి కుట్టాను. ఐదోసారి అద్దం ముందు నుంచి కదల్లేదు.

ఒకరోజు సంచిలోంచి పుస్తకం తీసి, "అన్నా, నాకు చదువు రాదు, చదివి వినిపిస్తావా?" అంది. ఎ.రేవతి రాసిన 'ఒక హిజ్రా ఆత్మకథ'. తమిళనాడు నామక్కల్ వైపు ఊళ్లో మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతకాలనుకున్న మనిషి కథ. పి.సత్యవతిగారు తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. 2019 సంవత్సరానికి ఆ అనువాదానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. సుప్రీంకోర్టు మూడో జెండర్‌ను గుర్తించింది 2014లో. రేవతి కథ ఇంగ్లీషులో అచ్చయింది అంతకు నాలుగేళ్ల ముందే. ఏ చట్టం అండా లేని రోజుల్లో సొంత పేరుతో ఇదంతా చెప్పుకుందంటే ఎంత గుండె కావాలో ఆలోచించండి.

రాత్రిళ్లు షాపు కట్టేశాక నేను చదివేవాణ్ణి, ఆమె హుక్కులు కుట్టేది. అన్నలు కొట్టే చోటికి వచ్చేసరికి నా గొంతు పట్టేసింది. ఆమె సూది ఆపలేదు. "మా నాయన ఎద్దుల పగ్గంతో కొట్టె. ఊఁ, చదువన్నా" అంది. పుస్తకం పన్నెండు రాత్రులు పట్టింది.

తర్వాత మా అమ్మాయి ఫోన్‌లో కన్నడ సినిమా 'నాను అవనల్ల, అవళు' చూశాం. లివింగ్ స్మైల్ విద్య అనే ట్రాన్స్ మహిళ ఆత్మకథ ఆధారంగా తీసింది. ఆ వేషం వేసిన సంచారి విజయ్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు తెచ్చింది. నాకు చాలా నచ్చింది. ఆమె మాత్రం, "బాగా చేసినాడు. ఆ వేషం మాలో ఒకరికి ఇచ్చింటే ఇంకా బాగుండు" అంది. ఆ మాట న్యాయమే. ఆమె సినిమా హాలుకు పోవడం మానేసి చాలా ఏళ్లయింది. చప్పట్లు కొట్టి డబ్బులడిగే కామెడీ సీను రాగానే ముందు వరసలోని పిల్లలు వెనక్కి తిరిగి ఆమెనే చూసి నవ్వారంట.

నేనూ నా భార్యా 2023లో వచ్చిన మలయాళం 'కాదల్' కూడా చూశాం. మగవాళ్లంటేనే ఇష్టమన్న సంగతి దాచుకొని పెళ్లి చేసుకుని, ఎన్నికల్లో నిలబడిన మధ్యవయసు మనిషిగా మమ్ముట్టి, విడాకులు అడిగే భార్యగా జ్యోతిక. ఎవరి మీదా కేకలు వేయని సినిమా. "ఇరవై ఏండ్లు పాయె గదా పాపం, ఇద్దరివీ" అని నా భార్య రాత్రంతా అదే మాట. మన తెలుగులో అలాంటి సినిమా పెద్ద హీరోతో ఎప్పుడొస్తుందో.

ఇక నేను అడిగేది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అందరమూ కడుతున్నాం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల శాఖా గ్రంథాలయాల్లో 'ఒక హిజ్రా ఆత్మకథ' రెండేసి కాపీలన్నా పెట్టాలని అధికారులను కోరుతున్నాను. మీరు కూడా వచ్చే హోలీకి ఆ ఫొటో పక్కన ఈ పుస్తకం గురించి నాలుగు మాటలు వేయండి.

మా కాపీకి మిషను నూనె మరకలు పడ్డాయి, అట్ట ఊడింది. ఆమెతో ఉండే ఇంకో ముగ్గురు వచ్చే నెల నుంచి మొదటి పేజీ నుంచి వింటామన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకే రమ్మన్నాను.

ఇట్లు,
ఒక టైలర్,
ఆదోని, కర్నూలు జిల్లా