ఆ ఎనిమిది రూపాయలు ఎక్కడ ఆగిపోయాయి సార్?

గౌరవనీయులైన వ్యవసాయ, మార్కెటింగ్ శాఖల మంత్రిగారికి,

నమస్కారం. నేను చిత్తూరు జిల్లా ఇరాల మండలంలో తోతాపురి మామిడి తోట ఉన్న రైతును. చెట్లు మా మామగారు పెట్టినవి, పాసుపుస్తకం నా పేరు మీద ఉంది. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ నాకు కాయల డబ్బు తక్కువ ఇచ్చిందని అర్జీలు ఇచ్చీ ఇచ్చీ విసుగొచ్చింది. ఇచ్చిన కొన్నాళ్లకు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో మాత్రం అందులో ఉండదు. రూపాయి రాకుండానే బాకీ పరిష్కారమైపోయే విద్య ఏదో మాకూ నేర్పిస్తే, బ్యాంకులో ఉన్న క్రాప్ లోన్ కూడా అట్లే పరిష్కరించుకుంటాం. అందుకే ఈసారి కవర్‌లో పెట్టి ఇవ్వకుండా నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను.

2025 సీజన్ తోతాపురి రేటు గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కిలోకు 12 రూపాయలు. అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. మీ మాట విని కాయ కోశాం.

ముందు మంచి సంగతి చెబుతాను, లేకపోతే దీనికి ఏడుపు తప్ప ఇంకేమీ రాదంటారు. మీ నాలుగు రూపాయలు వచ్చాయి. ఆలస్యంగానైనా నేరుగా ఖాతాలో పడ్డాయి, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. నా 14 టన్నులకు 56 వేలు. కోత కూలీల బాకీ, ట్రాక్టర్ బాడుగ వాటితోనే తీర్చాను. మా ఊరి రైతు సేవా కేంద్రంలో పనిచేసే అమ్మాయికి కూడా చెయ్యెత్తి మొక్కాలి. ఆధార్‌లో నా పేరు ఒక రకంగా, పాసుపుస్తకంలో ఇంకో రకంగా ఉంటే, ఈ-పంట నమోదులో అది సరిపోయేదాకా ఆ పిల్ల చీకటిపడినా కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. సర్వర్ పనిచేయదు, ఆమె వదలదు. ఇట్లాంటి వాళ్లకు జీతాలు పెంచే ఆలోచన ఎప్పుడైనా వస్తే నా ఓటు దానికే.

ఇక ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన ఎనిమిది.

ఫ్యాక్టరీ పేరు రాయను. రాస్తే వచ్చే జూన్‌లో నా ట్రాక్టర్ గేటు దాటదు, ఆ సంగతి మీకూ తెలుసు. చిత్తూరు చుట్టుపక్కల ఉన్న గుజ్జు ఫ్యాక్టరీల్లో అదొకటి, అంతవరకు చాలు. మా వైపు రైతులను ఎవరిని కదిలించినా పేరు మారుతుందేమో గానీ కథ ఇదే.

టోకెన్ మీద తేదీ వేసి ఇచ్చారు. ఆ తేదీకి కాయ కోసి లోడు వేసుకుని పోతే రోడ్డు పొడవునా ట్రాక్టర్లే. గేటు ఎప్పుడు తీస్తారో వాచ్‌మన్‌కే తెలియదు. తోతాపురి గట్టి కాయ అంటారు, ఎన్ని దెబ్బలు తగిలినా తట్టుకుంటుందంటారు. జూన్ ఎండలో టార్పాలిన్ కింద పెట్టి చూడండి సార్ ఎంత గట్టిదో. అడుగున ఉన్న కాయ నలిగి, రసం ట్రాలీ సందుల్లోంచి కారి తారు మీద పడుతుంటే ఈగలు ముసిరేవి. డ్రైవర్ వెయిటింగ్ బాడుగ అడుగుతాడు, అతని తప్పు కాదు. వెనక్కి తిప్పుకుపోదామంటే దామలచెరువు మామిడి మండీలో కూడా కొనేవాడు లేడు. రాత్రిళ్లు మా అబ్బాయి బండి మీదే పడుకున్నాడు, పగలు నేను కాపలా. గేటు బయట ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. పొలాల్లోకి పోవాలి, లేదంటే నీళ్లు తాగకుండా కూర్చోవాలి. నేను నీళ్లు తాగడం మానేశాను.

అక్కడ మమ్మల్ని ఆదుకున్నది పక్క ఊరి కుర్రాళ్లు. చందాలేసుకుని నడుపుకునే చిన్న సేవా సంఘం. పొద్దున చిత్రాన్నం, మధ్యాహ్నం మజ్జిగ తెచ్చి ట్రాక్టర్ ట్రాక్టర్‌కూ ఇచ్చారు. బ్యానర్ లేదు, ఫోటోలు దిగలేదు, ఏ ఊరని కూడా అడగలేదు. "మజ్జిగ ఇంకొంచెం పోయమంటావా పెద్దమ్మా" అని మళ్లీ మళ్లీ అడిగారు. కోట్ల మీద వ్యాపారం చేసే కంపెనీకి గేటు బయట ఒక నీళ్ల డ్రమ్ము పెట్టడానికి చేతులు రాలేదు. తర్వాత ఆఫీసు గదిలోకి పోయినప్పుడు గోడ మీద చూశాను, బడికి బెంచీలు ఇస్తున్న ఫోటో ఫ్రేము కట్టి పెట్టుకున్నారు. సామాజిక బాధ్యత అంట. పిల్లలకు బెంచీలు ఇవ్వడం మంచిదే. ఆ బెంచీ మీద కూర్చునే పిల్లల తల్లిదండ్రులు బయట ఎండలో ఉన్నారు, అంతే.

లోపలికి పోయాక తూకం. తూకం చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. బండి నంబరు, లోడు బరువు, ఖాళీ బండి బరువు, తరుగు, నికర బరువు, అన్నీ ప్రింటు కొట్టినవే. తరుగు తీయడం మాత్రం మర్చిపోలేదు చూడండి. దాని కింద రేటు అని ఒక గడి ఉంది. అది ఖాళీ. దాని పక్కన మొత్తం అని ఇంకో గడి, అదీ ఖాళీ. గుమాస్తాను అడిగితే, "రేటు తర్వాత వేస్తారక్కా, గవర్నమెంటు రేటే కదా, నీకెందుకు టెన్షన్" అన్నాడు. వెనక బండి హారన్ కొడుతోంది. నేను అడగగలిగింది అంతే. అడిగి, రేటు వేయకపోతే కాయ దించను అని మొండికేస్తే ఆ కాయ ఎక్కడికి పోవాలి? ఆ సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఆ గడి ఖాళీగా ఉండడానికి కారణం కూడా అదే.

కాయ దించిన తర్వాత ఫోన్ చేస్తే ఎత్తరు. పోతే సారు లేరంటారు. వినాయక చవితికి ఇస్తామన్నారు, దసరాకన్నారు. చివరికి దీపావళి దాటాక ఖాతాలో పడింది 70 వేలు. లెక్క వేసుకుంటే కిలో 5 రూపాయలు. ఎనిమిది లెక్కన రావాల్సింది లక్షా 12 వేలు. తక్కువ పడింది 42 వేలు. మీకది చిన్న మొత్తం. మా ఇంట్లో అది ఏడాది ఎరువులు, మందులు, మా పాప హాస్టల్ ఫీజు.

మేనేజర్ దగ్గరికి పోయాను. కూర్చోమన్నాడు, కాఫీ కూడా తెప్పించాడు, మర్యాదకేం లోటు లేదు. "ఎనిమిది ఇస్తామని మేం ఎక్కడ సంతకం పెట్టామమ్మా? గవర్నమెంటు చెప్పింది, పేపర్లో వచ్చింది. మేం ఒప్పుకున్నట్టు కాగితం ఉంటే చూపించు" అన్నాడు. అధికారుల దగ్గరికి పోతే, ఫ్యాక్టరీలతో మాట్లాడుతున్నాం, ఒత్తిడి తెస్తున్నాం అన్నారు. మళ్లీ ఫ్యాక్టరీకి పోతే, "ఎనిమిది అని చెప్పింది మంత్రిగారు కదా, ఆయన్నే అడగండి" అన్నారు.

అడుగుతున్నాను సార్. ఎనిమిది ఇవ్వాలని వాళ్ల చేత ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించారా, లేదా? పెట్టించి ఉంటే ఆ కాగితం మాకు చూపించండి, మిగతాది మేం చూసుకుంటాం. పెట్టించకపోతే 12 రూపాయలు అని మైకులో ఎట్లా చెప్పారు?

జులైలో ఢిల్లీ నుంచి కూడా ఒక లెక్క వచ్చింది. రేటు పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద లక్షా 62 వేల టన్నుల తోతాపురికి క్వింటాల్ ధర 1,490 రూపాయల 73 పైసలు, ఖర్చు కేంద్రం సగం, రాష్ట్రం సగం. చదివి మురిసిపోయాం. పైసలతో సహా లెక్క కట్టారంటే ఎవరో కూర్చుని బాగానే ఆలోచించి ఉంటారు. పైసల దాకా పోయిన ఆ లెక్కలో నా ఖాతాలోకి ఫ్యాక్టరీ నుంచి రావాల్సిన మూడు రూపాయలు కనపడలేదు.

ఫ్యాక్టరీ వాళ్లకు కష్టాలు లేవని నేననను. అంతకు ముందు ఏడాది గుజ్జు అమ్ముడుపోక డ్రమ్ములు గోడౌన్లలో ఉండిపోయాయని, ఎగుమతులు సరిగ్గా లేవని వాళ్లు చెబుతున్నారు. నిజమే అయి ఉండొచ్చు. అయితే గుజ్జు డ్రమ్ములో ఏడాదిన్నర, రెండేళ్లు ఉంటుంది, మంచి రేటు వచ్చేదాకా ఆగుతుంది. కోసిన కాయకు అంత ఓపిక లేదు. ఆగగలిగినవాడి నష్టం, ఆగలేనివాడి నెత్తిన పెట్టడం ఏం న్యాయం? నష్టం పంచుకోవాలంటే కాయ దించకముందే ఐదే ఇస్తాం అని చెప్పాల్సింది. కోత కూలీ కూడా గిట్టదని తెలిస్తే చెట్టు మీదే వదిలేసేవాళ్లం. ఐదుకు కూడా కోసేవాళ్లమేమో, అది మా ఖర్మ. చెప్పకుండా తీసుకోవడమే మా బాధ.

మీరు గట్టిగా నిలబడగలరని కూడా చూశాం. జూన్ 7న వేరే రాష్ట్రాల తోతాపురి మన జిల్లాలోకి రాకూడదని కలెక్టర్ ఉత్తర్వులిచ్చారు. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రిగారికి ఉత్తరం రాసేదాకా పోయింది వ్యవహారం. కర్ణాటకలోని శ్రీనివాసపురం రైతు కూడా మాలాంటివాడే, అతని కాయను ఆపినందుకు నాకేమీ సంతోషం లేదు, అది వేరే మాట. పక్క రాష్ట్రం లారీని సరిహద్దులో ఆపగలిగిన ప్రభుత్వం, మన జిల్లాలోనే ఉన్న గేటు లోపలి నుంచి మూడు రూపాయలు బయటికి రప్పించలేకపోతోందంటే నమ్మమంటారా?

కంపెనీలంటేనే ఇంత అని కూడా నేననుకోను. మా ఇంట్లో రెండు ఆవులున్నాయి. పాలు ఒక ప్రైవేటు డెయిరీకి పోస్తాం. గిన్నెలోంచి కాస్త పాలు తీసి మెషీన్‌లో పెడితే వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) కనపడతాయి, చిన్న చీటీ బయటికొస్తుంది, దాని మీద లీటరు రేటు, ఆ పూట మొత్తం రెండూ ఉంటాయి. పదిహేను రోజులకోసారి డబ్బులు ఖాతాలో పడతాయి. ఒకసారి బ్యాంకు తప్పు వల్ల పడకపోతే డెయిరీ కుర్రాడే ఇంటికొచ్చి చెప్పిపోయాడు. వాళ్లదీ వ్యాపారమే, సత్రం కాదు. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడ్డాక మాకు ఇంకో దిక్కు లేకుండా పోయింది, రేటు దగ్గర వాళ్లతో పేచీలున్నాయి. ఎంతిస్తారో మాత్రం పాలు పోసిన నిమిషంలో చెబుతారు. లీటరు పాలకు చీటీ మీద రేటు వేయగలిగినప్పుడు 14 టన్నుల కాయకు ఎందుకు వేయలేరు?

చెరకు సంగతి చూడండి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఫ్యాక్టరీ 14 రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. ఆ ఉత్తర్వు ఉండి కూడా మన జిల్లాలో చెరకు బకాయిల కోసం రైతులు ఎంత తిరిగారో అందరికీ తెలుసు. అయినా అడగడానికి ఒక ఆధారం ఉంది. ఇదే గుజ్జు ఫ్యాక్టరీకి అట్టపెట్టెలు సప్లై చేసే చిన్న యూనిట్ ఉందనుకోండి, దానికి 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలని 2006లోనే చట్టం చేశారు. అట్టపెట్టెకు చట్టం ఉంది, కాయకు లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి గుజ్జుతో చేసే గ్యాస్ లేని కూల్‌డ్రింకుల మీద జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి దించారు. తాగేవాళ్లకు మేలు, సంతోషం.

ఇప్పుడు తోటలో పిందె పడుతోంది సార్. పూత బాగానే వచ్చింది, తేనెమంచు పురుగు కూడా బాగానే వచ్చింది. మందు కొట్టాలి. ఎరువుల అంగడాయన పాత బాకీ కట్టందే కొత్త డబ్బా ఇవ్వనంటున్నాడు. అతన్ని తిట్టలేను, అతనికీ కంపెనీ వాళ్లు అప్పివ్వరు. ఫ్యాక్టరీ నాకివ్వాల్సిన డబ్బు వస్తే అతనిది ఆ రోజే కట్టేస్తాను. మా పక్క తోట ఆయన ఇరవై ఏళ్ల చెట్లు కొట్టించేశాడు, కట్టెలకు అమ్ముకున్నాడు. అడిగితే, "కట్టెలకైతే తూకం వేసిన రోజే డబ్బులిచ్చారమ్మా" అన్నాడు. నాకు జవాబు రాలేదు.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. తూకం చీటీ మీద రేటు వేయకుండా ఏ ఫ్యాక్టరీ కాయ దించుకోకూడదని ఉత్తర్వు ఇవ్వండి. చెరకుకు ఉన్నట్టే మామిడికీ 14 రోజుల గడువు పెట్టండి. గేటు బయట నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి పెట్టమనండి, దీనికి జీవో కూడా అక్కర్లేదు, మీరు ఒక్క ఫోన్ చేస్తే చాలు. రైతుల మీద దయ ఉంచండి. అన్నిటికంటే ముందు 2025 సీజన్ మూడు రూపాయలు ఇప్పించండి. మిగతావి ఆలస్యమైనా ఓర్చుకుంటాం, అది మాత్రం ఇప్పించండి.

జూన్ వస్తే మళ్లీ మీటింగ్ పెడతారు, మళ్లీ రేటు ప్రకటిస్తారు. ఫ్యాక్టరీల చేత సంతకం పెట్టించలేకపోతే, దయచేసి ఆ రేటులో ఫ్యాక్టరీ వాటా కలిపి చెప్పకండి. ప్రభుత్వం ఇచ్చేది నాలుగైతే నాలుగనే చెప్పండి. కోయాలో, చెట్టు మీద వదిలేయాలో మేం లెక్క చూసుకుంటాం.

ఇట్లు,
ఇరాల మండలం తోతాపురి రైతు,
చిత్తూరు జిల్లా